సూరత్ రేవు ఎందుకు పడిపోయింది

సోమలింగం బిడ్డ పరీక్ష హాలులో తెల్లకాగితం పెట్టి వచ్చిందని, కాలేజీ పేరు చెప్పి తాపీ నది వంతెన మీద గాలికి తిరిగిందని, అది కరోనా వల్ల ఫెయిలవడం కాదు, కళ్లు నెత్తికెక్కి ఫెయిలవడమని పక్కింటి ఎల్లవ్వ అన్నదట. ఆ మాట ఎల్లవ్వ నోటి నుంచి పిల్ల తల్లి ఐలమ్మ వినలేదు. కింది అంతస్తు చిన్నవ్వ మోసుకొచ్చింది. చెప్పేటప్పుడు మాస్కు గడ్డం కిందికి లాక్కుని మరీ చెప్పింది, ఒక్క అక్షరం కూడా గుడ్డలో చిక్కుకుపోకూడదన్నట్టు.

“నాకెందుకు గని వదినా, నీ చెవుల ఎయ్యాలె గదా అని వచ్చిన.”

“ఏసినవ్ గదా. ఇగ నడువ్,” అన్నది ఐలమ్మ.

చిన్నవ్వ నడవలేదు. గుమ్మంలో నిలబడే లోపలికి మెడ సాచింది. “రైల్వే సారు వస్తుండట గదా ఇయ్యాల? పిల్లకు ఇంట్లనే పరీచ్చ వెడ్తడట?”

“ఔ. నువ్వు గూడ కూసుంటవా? నీకో కాయితం ఇప్పిస్త.”

చిన్నవ్వ చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగింది. సగం మెట్ల దాకే దిగింది. మిగతా సగం చప్పుడు ఐలమ్మకు వినపడలేదు.

సూరత్‌లోని ఈ కోసాడ్ కాలనీలో గోడలు పేరుకే గోడలు. ముందురోజు ఇంట్లో జరిగిన రభస తెల్లారేసరికి నాలుగు అంతస్తులకూ పప్పుబెల్లాల్లా అందింది. సోమవారం పొద్దున కూతురు సంధ్యకు చరిత్ర పేపరు. శీతాకాలంలో రాసి తప్పిన పేపరే, మళ్లీ రాయాలి. ఇదొక్కటి గట్టెక్కితే బి.ఏ. అయిపోయినట్టే. అదే సోమవారం పొద్దున ఎంబ్రాయిడరీ కార్ఖానాలో దారాలు కత్తిరించే పనికి మనిషి కావాలని కొడుకు గోపాల్‌తో వాళ్ల సేఠ్ అన్నాడు. ఆ పూట రాకపోతే ఆ చోటు ఇంకొకరిది.

కొడుకు కార్ఖానా అన్నాడు. కూతురు పరీక్ష అన్నది. ఇద్దరి మధ్యా నలిగిన సోమలింగం, “సారును అడుగుదాం. ఆయన రాస్తది అంటే పోయి రాస్తది. రాయది అంటే కార్ఖానా,” అని చేతులు దులుపుకున్నాడు.

తగువు పడ్డప్పుడల్లా ఒక కుర్చీ వేసి, ఒక పెద్దమనిషిని అందులో కూర్చోబెట్టి, తమ బుర్రలు తీసి అవతల పెట్టడం ఆ ఇంటి మగవాళ్లకు తాతల నాటి అలవాటు. పొలం గట్టు తగువుకూ కుర్చీ వేశారు, ఆలుమగల తగువుకూ వేశారు. ఇప్పుడు చరిత్ర పేపరుకూ వేశారు.

ఆ కుర్చీలో కూర్చోవలసిన భుజంగరావు రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. డిపార్ట్‌మెంటు పరీక్షలన్నీ వ్యాసాల బలంతోనే నెగ్గానని చెప్పుకుంటాడు. తన గుజరాతీ వింటే గుజరాతీ వాళ్లే తలొంచుకుంటారని కూడా చెప్పుకుంటాడు. వాళ్లు తలొంచుకునేది సిగ్గుతోనో, నవ్వు దాచుకోవడానికో ఐలమ్మకు ఎప్పుడూ అనుమానమే. పోయినేడు లాక్‌డౌన్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి, వాటి మీద బతికే సగం కాలనీ సొంతూళ్లకు దారి పట్టినప్పుడు, ఈయనే తెలుగు సంఘం తరఫున వాళ్లింటికి బియ్యం మూట తెచ్చాడు. మూట మీద ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి సోమలింగం భుజానికి మూరెడు దూరంలో గాలిలో ఉంచి, ఫోటో దిగాడు.

ఆ బియ్యం అప్పుడే అయిపోయింది. ఆ ఫోటో ఇంకా అయిపోలేదు.

*

“ఏవమ్మా, కిటికీ తెరవండి. గాలి ఆడాలి,” అంటూనే వచ్చాడు భుజంగరావు.

“తెరిస్తే జల్లు కొడ్తది సారూ.”

“జల్లు కొడితే తడుస్తాం. గాలి ఆడకపోతే పోతాం. రెండో అల ఎంతమందిని పట్టుకుపోయిందో చూశారుగా.” జేబులోంచి చిన్న శానిటైజర్ సీసా తీసి కుర్చీ సీటు మీద, చేతుల మీద, వెనకాల, చివరికి కాళ్ల మీద కూడా మందు కొట్టాడు.

“కుర్చీకి తానం అయిందా సారూ? చాయ తేవాల్నా?” అన్నది ఐలమ్మ.

“వద్దు. నా నీళ్లు నేను తెచ్చుకున్నా. మీ ఇళ్లకు ఎవరెవరు వచ్చి పోతుంటారో ఎవడు చూడొచ్చాడు.”

“నిజమే సారూ,” అన్నాడు సోమలింగం.

ఐలమ్మ మొగుడి వంక చూసింది. మీ ఇల్లు కంపు అన్నా నిజమే అంటాడు, మీ పిల్ల మొద్దు అన్నా నిజమే అంటాడు. కార్ఖానాలో ఎనిమిది సాంచాల మధ్య పులిలా తిరిగే మనిషి, ఇస్త్రీ చొక్కా కనబడగానే తడిగుడ్డలా ముడుచుకుపోతాడు.

మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న గోపాల్ కాళ్లు ముడుచుకోలేదు. “సారూ, జల్ది తేల్చుండ్రి. సేఠ్‌కు ఇయ్యాల చెప్పాలె.”

“తేలుస్తానయ్యా. తేల్చడానికేగా వచ్చింది.” భుజంగరావు కూర్చున్నాడు. “అయినా నాకు తెలియక అడుగుతాను సోమలింగం, ఇందులో తేల్చడానికేముంది? పోయిన వానాకాలమంతా మా డాబా మీద నిలబెట్టి వ్యాసం వల్లె వేయించానా లేదా? మా అమ్మాయి సాయిప్రియకు కాలేజీలో ఫస్టు తెచ్చిపెట్టిన వ్యాసమది. చెప్పింది చెప్పినట్టు రాసుంటే ఈపాటికి ఫస్టు క్లాసు.”

వల్లె వేయించిన మాట నిజమే. వాన తెరిపిచ్చినప్పుడల్లా బిడ్డకు తోడుగా ఐలమ్మ ఆ డాబా ఎక్కేది. ఆ చివర ఆయన పచార్లు చేసేవాడు, ఈ చివర సంధ్య నిలబడి అప్పజెప్పేది. ‘సూరత్ ఏక్ గౌరవశాళీ నగర్ ఛే...’ కూరగాయల బేరానికి సరిపడా గుజరాతీ తప్ప రాని ఐలమ్మకు కూడా ఆ మొదటి ముక్క చెవిలో పాతుకుపోయింది. గౌరవశాళీ అంటే ఘనమైనదట. గౌరవశాళీ నగరం, గౌరవశాళీ రేవు, గౌరవశాళీ వర్తకులు. నడుమ ఒక్క మాట తడబడితే చాలు, ఆ చివర నుంచి ఆయన చిటికె వేసేవాడు. “మళ్లీ మొదటి నుంచి!”

చదువంటే అదేనేమో అనుకుంది ఐలమ్మ అప్పట్లో. అది చదువో, చిలక పలుకో అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బియ్యం మూట ఇచ్చిన మనిషిని ఏమని అడుగుతారు?

*

అన్నం తినే పీట ముందు పెట్టుకుని సంధ్య నేల మీద కూర్చుంది. మాస్కు పైన కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ కళ్లలో ఏముందో తల్లికే అందలేదు.

“పోయినసారి వచ్చిన ప్రశ్నే ఇస్తున్నాను. ఇంతకు మించిన దయ ఎవరూ చూపించరు. రాసుకో. సూరత్ రేవు ఎందుకు పడిపోయింది, కారణాలు పరిశీలించుము. ముప్పావుగంట. అసలు పరీక్షలోనూ ఒక్కో వ్యాసానికి వచ్చేది అంతే.” ఫోన్లో అలారం పెట్టాడు.

“రేవు పడిపోతే మనకేంది?” అన్నాడు గోపాల్ ఫోన్ లోంచి తల ఎత్తకుండా. “మనం ఎక్కేది ఓడలా? జనరల్ బోగీకే టికెట్ దొరకది.”

“నువ్వు ఊకోరా,” అన్నది ఐలమ్మ.

“ఊకుంట. పదోతరగతిల బడి ఇడిసినప్పుడు గూడ ఊకున్న. నన్నెవ్వలు కుర్చీ ఏసి అడగలే అవ్వా, రాస్తవా రాయవా అని.”

ఐలమ్మ గిన్నెలు సర్దే నెపంతో అటు తిరిగింది.

సంధ్య వెంటనే రాయడం మొదలుపెట్టలేదు. ప్రశ్న చదివింది. మళ్లీ చదివింది. కాగితం పక్కన మార్జిన్‌లో ఏవో నాలుగు ముక్కలు గీకి, వాటి కింద గీత గీసింది. మళ్లీ ఆగింది.

“అదిగో,” అన్నాడు భుజంగరావు, కోర్టులో సాక్ష్యం దొరికినట్టు. “చూడు సోమలింగం. టైము నడుస్తోంది, పెన్ను నడవటం లేదు. గుర్తున్నవాళ్లకు ఆలోచనతో పనేమిటి? సూరత్ ఏక్... చెయ్యి దానంతట అదే పరిగెత్తాలి.”

“రాయి బిడ్డా,” అన్నాడు సోమలింగం.

అప్పుడు మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఇక తల ఎత్తలేదు. పెన్ను కాగితం మీద బరబరా పోతోంది, ఆ చప్పుడు ఐలమ్మకు హాయిగానే ఉంది. భుజంగరావుకు ఎవరిదో ఫోన్ వచ్చింది. రెండు డోసులూ వేయించుకున్న సర్టిఫికెట్ మీద తన పేరు తప్పు పడిందని, తనంతటివాడి పేరే తప్పు పడితే దేశం ఏమైపోతుందని, కిటికీ దగ్గర నిలబడి వీధి అంతటికీ వినిపించేలా మాట్లాడాడు.

ఉన్నట్టుండి పెన్ను ఆగింది.

“తెగిందా?” అన్నాడు సోమలింగం, కూర్చున్నచోటి నుంచి సగం లేచి.

అనేశాక తనే నాలిక కరుచుకున్నాడు. అన్ని సాంచాల మోతలో ఒక్కటి ఆగినా ఆయన చెవికి తెలుస్తుంది. ఆగిందంటే పోగు తెగినట్టే. పరిగెత్తి అతకాలి. తెగిన పోగు మీద మగ్గం నడిపితే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది, ఆ గుడ్డ తెచ్చి సేఠ్ మొహాన కొడతాడు. తెగినచోటనే ఆగు, అతికినాకనే కదులు. పిల్లలిద్దరికీ బువ్వతో పాటు ఆయన తినిపించిన బుద్ధి అదొక్కటే.

సంధ్య తండ్రి వంక చూసింది. ఆగినచోట బెత్తెడు ఖాళీ వదిలి, పక్క మాటకు పోయింది.

సోమలింగం పూర్తిగా లేచాడు. “అతకకుంట పోతున్నవేంది బిడ్డా?”

“ఎనుకకచ్చి అతుకుత బాపూ. ముందుగాల గుడ్డ దిగనీ.”

“పరీక్షలో మాట్లాడకూడదు!” అని గర్జించాడు భుజంగరావు, ఫోన్ చెవి నుంచి దించకుండానే.

*

అలారం మోగేసరికి సంధ్య రాయడం అయిపోయి, రాసింది మళ్లీ చదువుకుంటోంది. కాగితాలు అందించింది.

భుజంగరావు వాటిని చేత్తో పట్టుకోలేదు. పీట మీద పెట్టించి, సీసా తీసి, వాటి మీద కూడా మందు కొట్టాడు.

“సారూ!” అని అరిచింది సంధ్య.

అప్పటికే అయిపోయింది. మొదటి పేజీ పైభాగం నీలంగా ఉబ్బి, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి కారిపోయాయి. ఐలమ్మకు చదువు రాదు, కానీ బిడ్డ చేతి రాత ఏడ్చినట్టు కనిపించింది.

“ఏం రాశావో కనపడి చావట్లేదు,” అన్నాడు భుజంగరావు.

“మీరు కొట్టిన మందుకే కరిగింది సార్.”

“నా ఆరోగ్యం నాకు ముఖ్యం. సరే, నోటితో చెప్పు. తెలుగులో చెప్పు, మీ అమ్మానాన్నలకు కూడా బోధపడాలి నువ్వు చేసిన ఘనకార్యం.”

సంధ్య మాస్కు కిందికి తీసింది. భుజంగరావు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“మరాఠా దండు దోచుకునుడు తోటి రేవు పడిపోయిందని అందరు అంటరు. నేను గట్ల కాదన్న. వాళ్లు రెండుసార్లు దోచుకపోయినంక గూడ సూరత్ లేసి నిలవడ్డది. దోచుకునేటోడు దోచుకోని పోతడు. రేవును తిన్నది వేరే. ఢిల్లీల బాద్‌షాల బలం తగ్గింది, సరుకు నడిచే బాటల మీద కాపలా లేకుంట అయింది. గీడ కాపాడాల్సిన అధికార్లే వర్తకులను పీడిచ్చిండ్రు. నది పూడుకపోయింది, నిజమే, గని అదొక్కటే గాదు. కోట ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది. వర్తకులు బొంబాయి బాట పట్టిండ్రు. ఓడలను ఎవ్వలు ముంచలే సార్. మనుషులు ఎల్లిపోయిండ్రు, రేవు పడిపోయింది.”

“పోయినేడు లెక్కనే,” అన్నాడు సోమలింగం మెల్లగా. “మనోళ్లు ఎల్లిపోతే సాంచాలు...”

గోపాల్ ఫోన్ పక్కన పెట్టాడు.

ఐలమ్మ చెవులు ఇంకో దాని కోసం వెతుకుతున్నాయి. అంతసేపు చెప్పింది పిల్ల, ఒక్కసారి కూడా గౌరవశాళీ రాలేదు.

“ఇది వ్యాసమా?” అన్నాడు భుజంగరావు. “ఇది వీధి కుళాయి దగ్గర తగాదా. మొదలెట్టడమే ‘కాదు’ అని మొదలెడతారా ఎవరైనా? ఎనభై నాలుగు రేవుల జెండాలు ఎగిరిన వైభవమేది? సముద్ర వర్ణనేది? గౌరవశాళీ ఏది?”

“అడిగింది ఎందుకు పడిపోయిందని సార్. ఎంత గొప్పగ ఉండెనో అడగలే.”

“ఎవరు నేర్పారమ్మా నీకీ తెలివి?”

“ఫెయిలైనంక నేర్చుకున్న.”

భుజంగరావు నవ్వాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో కౌంటరు అవతల నిలబడ్డవాళ్లను చూసి ముప్పై ఏళ్లు నవ్విన నవ్వు. కాగితాలను పెన్నుతో తిరగేసుకుంటూ పోయి, ఒకచోట టక్కున పొడిచాడు. “ఇదిగో! ఇదేమిటి? ఇక్కడ గుంత పెట్టావేం? ఇంగ్లీషు వాళ్లు కోట పట్టుకున్నది ఏ సంవత్సరం? ఖాళీ! చరిత్ర పేపర్లో సంవత్సరం ఖాళీ! చూశావా సోమలింగం? మన ఇంటి పెళ్లికార్డులో తేదీ లేకపోతే ఎట్లా ఉంటుంది?”

“అదెప్పుడు సారూ?” అన్నది ఐలమ్మ.

“ఏది?”

“గదే, కోట పట్టుకున్నది. జర చెప్పుండ్రి, రాసుకుంటది.”

భుజంగరావు తన నీళ్ల సీసా మూత తిప్పాడు. నీళ్లు తాగాడు. మూత పెట్టాడు. “నేను అడగడానికి వచ్చానమ్మా. చెప్పడానికి రాలేదు.”

“పదిహేడు వందల యాభై తొమ్మిది,” అన్నది సంధ్య. ముందుకు వంగి, ఆ బెత్తెడు ఖాళీలో రాసింది. “ఇప్పుడు యాదికచ్చింది.”

సోమలింగం ఆ ఖాళీ నిండడం చూశాడు. ఎగిరిపోయిన పోగు తనంతట తానే వచ్చి అతుక్కున్నట్టు చూశాడు. ఆయన పెదవుల మీద ఏదో కదిలింది. ఇదే అదను, ఈ మనిషి ఇప్పుడైనా నోరు తెరిస్తే బాగుండునని ఐలమ్మ చూపులతోనే పొడిచింది.

కానీ కుర్చీలో ఉన్నవాడు లేచి నిలబడ్డాడు. నిలబడితే సోమలింగం నోరు దానంతట అదే మూసుకుపోతుంది.

“మనసులో మాట చెబుతున్నా, సోమలింగం. అన్నం పెట్టినవాణ్ణి కాబట్టి దాచను. పిల్లకు పొగరుంది, పద్ధతి లేదు. పోయినసారి కూడా నేను చెప్పింది పక్కన పడేసి ఇలాగే సొంత పైత్యం ఒలకబోసి ఉంటుంది. అందుకే బోర్లా పడింది. రేపు కూడా అదే చేస్తుంది. కార్ఖానాకు పంపించు. మీవాళ్లకు చేతిపని వంటబడుతుంది, ఇది వంటబట్టదు.”

“మీవాళ్లకు అంటే ఎవలకు సారూ?” మంచం దిగాడు గోపాల్.

“నీకెందుకోయ్ రోషం? కార్ఖానా అన్నది నువ్వేగా?”

“నేను అన్న. మా చెల్లెను నేను అంట. మీరు ‘మీవాళ్లు’ అన్నరు, గదేందో చెప్పుండ్రి.”

“గోపాల్!” సోమలింగం చెయ్యి అడ్డం పెట్టాడు. కొడుకును ఆపడానికి పెట్టాడో, తనను తాను ఆపుకోవడానికి పెట్టాడో ఆయనకే తెలియదు. కుర్చీ వైపు చూశాడు. కారిపోయిన కాగితం వైపు చూశాడు. చివరికి కూతురి వైపు తిరిగాడు.

“నిజం చెప్పు బిడ్డా. పోయినసారి గూడ గిట్లనే రాసినవా? సారు చెప్పింది ఇడిసిపెట్టి?”

“చెప్పమనండి,” అన్నాడు భుజంగరావు, మళ్లీ తీరిగ్గా కూర్చుంటూ. “ఆమె నోటితోనే చెప్పమనండి.”

మెట్ల మీద ఎవరిదో గాజుల చప్పుడు అయ్యి ఆగింది. సంధ్య పెన్నుకు మూత పెట్టింది. మొదటిసారి తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఐలమ్మకు నిరుటి డాబా, ఆ వాన, ఆ చిటికె కనిపించాయి. ఇన్ని నెలలూ ఈ పిల్ల నోరెందుకు కట్టుకుందో, ఏ బియ్యం మూటకు కట్టుకుందో ఒక్కసారిగా తెలిసింది.

“లేదు బాపూ. సార్ వల్లె వేయించిందే రాసిన, పొల్లు పోకుంట. నడిమిట్ల తెగింది, మల్ల మొదటి నుంచి అందుకున్న. మల్ల తెగింది, మల్ల మొదటి నుంచి. గౌరవశాళీ కాడనే గంట కొట్టిండ్రు. పోయినసారి ఫెయిలయింది నేను గాదు, సారే.”